విత్తనాలు వేసే ప్లాంటర్‌కి గుళికల మందు డబ్బా బిగించేది ఇట్టా

దర్శి వైపు మొక్కజొన్న వేసే అన్నలూ, డబ్బాని ఫ్రేముకి యూ బోల్టులతో గట్టిగా బిగించండి, డ్రైవ్ మాత్రం నేల చక్రం నుంచే చైన్‌తో ఇవ్వండి, అప్పుడే ప్లాంటర్ లేపగానే మందు ఆగిద్ది. డబ్బా నుంచి మందు పడే పైపు వంపు లేకుండా దిగాలి, దాని మూతి విత్తనం గొట్టానికి వెనక, మట్టి కప్పే చక్రానికి ముందు ఉండాలి.

అసలు పని కొలతే. పైపు మూతికి కవరు కట్టి 100 మీటర్లు లాగండి, సాళ్ళ మధ్య 60 సెంటీమీటర్లయితే అది 60 చదరపు మీటర్లు, లేబుల్ మీద ఎకరాకి 4 కేజీలుంటే కవర్లో దాదాపు 59 గ్రాములు పడాలి. తేడా వస్తే డబ్బాలో మందు వదిలే గేటు సరిచేసి మళ్ళీ లాగండి, ప్రతి సాలుకీ విడిగా చూడాలి.

గ్లోవ్స్, మాస్కు లేకుండా మందు పొయ్యొద్దు, ఉత్త చేతుల్తో పోసేవాళ్ళని చూస్తే భయమేసిద్ది.