ఇమిగ్రెంట్ వీసా పత్రాలు: అనువాదంలో ఏదీ దిద్దకండి

ఇటీవల మా బంధువుల్లో ఒక పెద్దాయనకు ముంబయిలోని అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ ముగిశాక అమెరికాలో స్థిరపడడానికి ఇచ్చే ఇమిగ్రెంట్ వీసాకు బదులు, పత్రాలు సరిపోలేదని వీసాను ఆపుతూ ఇచ్చే 221(జి) కాగితం చేతికి వచ్చింది. తెలుగులో ఉన్న జననపత్రంలో ఒక పేరు, దాని ఇంగ్లీషు అనువాదంలో మరో పేరు ఉండడమే అందుకు కారణం. అనువాదం చేసినవారు మేలు చేస్తున్నామనుకొని, రిజిస్టరులో ఉన్న వాడుక పేరును తీసేసి పాస్‌పోర్టులోని పేరును రాశారు. పిల్లల దగ్గరికి వెళ్లబోయే తల్లిదండ్రుల ఫైళ్లు చాలావరకు ఇలాగే చిక్కుల్లో పడడం చూస్తున్నాను కనుక, ఫీజులు, ఫారాల జోలికి పోకుండా ముఖ్యంగా దీని గురించే రాస్తున్నాను.

అనువాదం మూలపత్రంలో ఉన్నదాన్ని చెప్పాలి, పాస్‌పోర్టులో ఉన్నదాన్ని కాదు. మన కాగితాల్లో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, మరోచోట పూర్తిగా ఉంటుంది, పెళ్లయ్యాక మారుతుంది, పంచాయతీ రిజిస్టరులో కొన్నిసార్లు పేరే లేకుండా ‘ఆడపిల్ల’ అని మాత్రమే ఉంటుంది. ఈ తేడాలు ఉండడం నేరం కాదు. వాటిని అనువాదంలో మాయం చేస్తే మాత్రం అబద్ధపు పత్రం ఇచ్చినట్టవుతుంది; కీలకమైన విషయంలో కావాలని తప్పు చెప్పారని అధికారి నిర్ధారిస్తే, ఆ అనర్హత అమెరికా వలస చట్టం కింద జీవితాంతం వెంటాడవచ్చు.

తప్పు మూలపత్రంలో ఉంటే, దాన్ని ఇచ్చిన రిజిస్ట్రారు దగ్గరే సరిచేయించుకోవాలి. అది కుదరకపోతే ఇమిగ్రెంట్ వీసా దరఖాస్తు అయిన డీఎస్-260 ఫారంలో ఇతర పేర్లు అడిగేచోట ఆ పేరును కూడా రాసి, ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ జతచేయాలి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు పల్లెల్లో పుట్టినవారిలో చాలామందికి జననపత్రమే లేదు. అలాంటివారు రికార్డు లేదనే ధ్రువపత్రాన్ని సంబంధిత కార్యాలయం నుంచి తీసుకొని, బడి రికార్డును, పుట్టుక తెలిసిన పెద్దల అఫిడవిట్లను చూపించాలి.

అనువాదం కింద, అది సరైనదనీ తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదకుడు రాసి సంతకం చేయాలి. ముద్రలు, అంచుల్లో చేత్తో రాసిన మాటలు, వెనుకవైపు ఉన్నవి కూడా అనువదించాలి; చదవడానికి వీల్లేని చోట ఆ సంగతే రాయాలి. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయించండి, ఎందుకంటే మనకు జూన్ 5 అయిన 5-6 అమెరికావారికి మే 6 అవుతుంది.

వీసా కోసం చేయించుకునే వైద్య పరీక్షలోనూ జరిగేది ఇదే తప్పు, ఉన్నదాన్ని దాచడం. కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ వైద్యుల దగ్గర 15 ఏళ్లు నిండినవారందరికీ ఛాతీ ఎక్స్-రే తీస్తారు. పాత టీబీ మచ్చ అందులో కనిపిస్తుంది, దాచితే దాగదు. అనుమానం వస్తే మూడు రోజులు కఫం తీసుకొని అందులో టీబీ క్రిములు పెరుగుతాయేమో చూసే కల్చర్ పరీక్షకు పంపుతారు, ఫలితానికి సుమారు ఎనిమిది వారాలు పడుతుంది. ఎప్పుడో టీబీ వచ్చి తగ్గినవారు చికిత్స మొదలైన, ముగిసిన తేదీలు, వాడిన మందుల పేర్లు, పాత ఎక్స్-రేలు, ఉంటే నిక్షయ్ (టీబీ రోగుల వివరాలు ఉండే ప్రభుత్వ పోర్టల్) నమోదు వివరాలు తీసుకెళ్లాలి. వీటితో ఆ మచ్చ పాతదని వైద్యుడు పోల్చి చూడగలుగుతారు. ఏమీ చెప్పకపోతే దాన్ని కొత్త జబ్బుగానే అనుమానిస్తారు. గుండె ఆపరేషన్, మధుమేహం, మానసిక చికిత్స ఉన్నవారు డిశ్చార్జి సమ్మరీతో పాటు, చూస్తున్న డాక్టరు చేత ఇప్పటి పరిస్థితిని టైపు చేయించి తెచ్చుకోవాలి.

టీకాల రికార్డు పోయిందని కొత్త కార్డు మీద పాత తేదీలు రాయించవద్దు. కావలసిన టీకాలు అక్కడే వేస్తారు.

పరీక్షను మరీ ముందుగా చేయించుకోవద్దు, సాధారణంగా అది ఆరు నెలలే చెల్లుతుంది.

వైద్యులు సీలు వేసిన కవరు ఇస్తే తెరవవద్దు.

మూలాన్నీ అనువాదాన్నీ ఒకే ఫైలుగా అప్‌లోడ్ చేయండి.

ఒరిజినల్స్ లేకుండా ముంబయి రైలెక్కవద్దు.

మీ అనువాదం మీరే చేసుకోవద్దు.

చదవని కాగితం మీద సంతకం చేయవద్దు.

ఏజెంటు ‘పేరు సరిచేసి ఇస్తాను’ అంటే మీ పత్రాలు వెనక్కి తీసుకొని వచ్చేయండి.

వీసా చేతికి రాకముందు ఇల్లు అమ్మవద్దు, టికెట్ కొనవద్దు.

అనువాదంలో పేరు దిద్దవద్దు, తేదీ దిద్దవద్దు, ఊరు దిద్దవద్దు.