మాజ్దా మియాటా 1.6: ఆక్సిజన్ సెన్సర్ చెడిందా, ఉన్నమాటే చెబుతోందా?

మైలేజీ పడిపోయింది, సైలెన్సర్ మూతి మసిబారుతోంది, వెనక నుంచి పచ్చి పెట్రోల్ వాసన వస్తోంది. మొదటి తరం మియాటాలో ఈ మూడూ కలిసి కనిపించగానే చాలామంది ఆక్సిజన్ సెన్సర్ కొని బిగించేస్తారు. కొత్తది కూడా పాతది చెప్పిందే చెబుతుంటే అప్పుడు తల పట్టుకుంటారు. అసలు లోపం మేనిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పోత ఇనుప గొట్టాలు) ప్యాకింగ్‌లోనో, ప్లగ్ వైర్లలోనో ఉంటే సెన్సర్ ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు. అందుకే ముందు పరీక్ష, తర్వాతే కొనుగోలు.

ఇక్కడ చెప్పేది 1990 నుంచి 1993 దాకా అమెరికాలో అమ్మిన 1.6 లీటర్ (1597 సీసీ) కారు గురించి. దీనికి ఉన్నది ఒకే సెన్సర్, దానికి ఒకే వైరు, లోపల హీటర్ లేదు. 1994లో 1.8 ఇంజన్‌తో నాలుగు వైర్ల హీటర్ సెన్సర్ వచ్చింది. 1996లో ఓబీడీ-2 (కారు తన లోపాలను తానే పరీక్షించుకునే ప్రమాణం) వచ్చాక క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుద్ధి చేసే డబ్బా) వెనక రెండో సెన్సర్ చేరింది. ఆ కార్లకు తేడా ఉన్నచోట విడిగా చెబుతాం.

సెన్సర్ కొలిచేది ఏమిటి

అది పెట్రోల్‌ని కొలవదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలిలోని ఆక్సిజన్‌తో పోల్చి చిన్న వోల్టేజీ పుట్టిస్తుంది. పెట్రోల్ ఎక్కువై మిశ్రమం రిచ్‌గా ఉంటే 0.8, 0.9 వోల్ట్, గాలి ఎక్కువై లీన్‌గా ఉంటే 0.1, 0.2 వోల్ట్. ఒక పాలు పెట్రోల్‌కు 14.7 పాళ్ల గాలి అనే లెక్క దగ్గర వోల్టేజీ 0.45 గీతను దాటుతుంది. ఈ రకం సెన్సర్ 'ఎక్కువ', 'తక్కువ' అని మాత్రమే చెప్పగలదు, ఎంత ఎక్కువో చెప్పలేదు. కాబట్టి ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్‌ని కొంచెం పెంచుతూ, కొంచెం తగ్గిస్తూ ఆ గీతకు అటూ ఇటూ నడుపుతుంది. వోల్టేజీ ఊగుతూ ఉంటేనే ఆరోగ్యం. ఒకచోట నిలిచిపోయిందంటే ఏదో తేడా ఉన్నట్టే.

సెన్సర్ ముక్కు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని ఈ పని మొదలుపెట్టదు. హీటర్ లేని సెన్సర్‌కు ఆ వేడి పొగ నుంచే రావాలి. చాలాసేపు ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉంచితే చల్లబడి మూగబోతుంది. అది జబ్బు కాదు, దాని తీరే అంత.

లక్షణం: చెక్ ఇంజన్ దీపం వెలిగింది

కారణం తెలుసుకోవడానికి ఈ కారుకు స్కానర్ అక్కర్లేదు, చిన్న వైరు ముక్క చాలు. బానెట్ కింద మూత మీద 'డయాగ్నోసిస్' అని రాసి ఉన్న పెట్టె ఉంటుంది. మూత లోపలి వైపు టెర్మినళ్ల పేర్లు ఉంటాయి. టీఈఎన్, జీఎన్‌డీ అనే రెండింటినీ వైరుతో కలిపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా కీ మాత్రం ఆన్ చేయండి. దీపం మెరుపుల్లో కోడ్ చెబుతుంది: పొడవైన మెరుపు పదులు, పొట్టి మెరుపు ఒకట్లు. ఒక పొడవు, ఐదు పొట్టివి అంటే 15. చెక్ ఇంజన్ దీపం లేని కారైతే 12 వోల్ట్ ఎల్‌ఈడీని బీ ప్లస్, ఎఫ్‌ఈఎన్ టెర్మినళ్ల మధ్య పెట్టి అదే చదవవచ్చు. ప్లస్ కాలు బీ ప్లస్ వైపు ఉండాలి.

15 అంటే ఆక్సిజన్ సెన్సర్ సిగ్నల్ సరిగా రావడం లేదు. 17 అంటే ఫీడ్‌బ్యాక్ పనిచేయడం లేదు, సిగ్నల్ ఒకవైపే ఉండిపోతోంది. ఈ రెండోది వస్తే సెన్సర్‌ను చివరగా అనుమానించండి. ఇంజన్ నిజంగానే ఎప్పుడూ రిచ్‌గానో లీన్‌గానో నడుస్తున్నా ఇదే కోడ్ పడుతుంది. వాటితోపాటు 08 (లోపలికి వెళ్లే గాలిని కొలిచే ఎయిర్‌ఫ్లో మీటర్) లేదా 09 (కూలెంట్ టెంపరేచర్ సెన్సర్) కనిపిస్తే ముందు వాటి సంగతి చూడండి.

కోడ్ ఏదీ రాకపోయినా సెన్సర్ బాగుందని కాదు. ముసలిదైపోయి మెల్లగా ఊగే సెన్సర్‌ను ఈ కాలపు ఈసీయూ పట్టుకోలేదు. హీటర్ లేని సెన్సర్ ఆయుష్షు మామూలుగా 50,000 నుంచి 80,000 కిలోమీటర్లు. మీ కారులో ఉన్నది ఎప్పుడు వేశారో ఎవరికీ తెలియకపోతే అది ఆ గడువు ఎప్పుడో దాటిందనే అనుకోవాలి.

లక్షణం: సెన్సర్ ఎప్పుడూ లీన్ అంటోంది, ప్లగ్గులు మాత్రం నల్లగా ఉన్నాయి

ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. సెన్సర్ 0.1 దగ్గర కూర్చుంటే ఈసీయూ పెట్రోల్ పెంచుతూ పోతుంది, ఇంజన్ రిచ్ అవుతుంది, సెన్సర్ అయినా లీన్ అనే అంటుంది. కారణాలు ఇవి, ఈ వరుసలోనే వెతకండి.

మొదటిది, సెన్సర్‌కు ముందు ఎగ్జాస్ట్ లీక్. మేనిఫోల్డ్ పగులు, హెడ్‌కూ మేనిఫోల్డ్‌కూ మధ్య కాలిన ప్యాకింగ్. పొగ దెబ్బదెబ్బగా వస్తుంది. రెండు దెబ్బల మధ్య పీడనం పడినప్పుడు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది. సెన్సర్‌కు ఆక్సిజన్ కనిపిస్తుంది, అది నిజమే చెబుతుంది. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో టిక్ టిక్ మని శబ్దం, వేడెక్కాక తగ్గడం దీని గుర్తు. పగులు చుట్టూ నల్లటి మసి చార కూడా ఉంటుంది.

రెండోది, మిస్సింగ్. ఒక సిలిండర్‌లో మంట అంటుకోకపోతే అక్కడి ఆక్సిజన్ అంతా కాలకుండా బయటికొస్తుంది, పెట్రోల్ కూడా అలాగే. సెన్సర్ ఆక్సిజన్‌ని మాత్రమే చూస్తుంది కాబట్టి లీన్ అంటుంది. ఈ కారులో ప్లగ్ వైర్లు చెడిపోవడం మామూలే. రాత్రిపూట బానెట్ తెరిచి నడుస్తున్న ఇంజన్ మీద సన్నగా నీళ్లు స్ప్రే చేయండి. వైర్ల దగ్గర నీలి మెరుపులు కనిపిస్తే అవే దొంగలు.

మూడోది, ఎయిర్‌ఫ్లో మీటర్ దాటాక గాలి లీక్. మీటర్ నుంచి ఇంజన్ ముందుగా అడ్డంగా వెళ్లే గొట్టం చివర్ల రబ్బర్లు ముడతల లోపల పగులుతాయి. పైకి కనిపించవు, చేత్తో వంచి చూడాలి. ఇక్కడ మాత్రం పై రెండింటిలా కాదు, సెన్సర్ చెప్పినట్టే మిశ్రమం నిజంగానే లీన్ అవుతుంది.

ఈ మూడూ బాగుంటే అప్పుడు సెన్సర్ ఎర్త్. ఒంటి వైరు సెన్సర్‌కు తిరుగు దారి దాని ఒంటి మీదుగా మేనిఫోల్డ్, ఇంజన్, అక్కడి నుంచి ఎర్త్ వైరు. ఇంజన్ నడుస్తుండగా మల్టీమీటర్ ఒక ముల్లు (ప్రోబ్) సెన్సర్ షట్కోణం మీద, రెండోది కారు బాడీ మీద పెడితే 0.1 వోల్ట్ లోపు ఉండాలి. అసలు సిగ్నలే ఒక వోల్ట్ లోపు కదా, ఇక్కడ 0.2 పోతే ఈసీయూ వినేది వేరే మాట. ఇంజన్ ఎర్త్ వైర్ల చివర్లు విప్పి, తుప్పు గీకి బిగించండి.

లక్షణం: ఎప్పుడూ రిచ్, 0.8 దగ్గరే నిలిచింది

ఇక్కడ సెన్సర్ దోషి కావడం అరుదు. ఫ్యూయెల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు వెళ్లే వ్యాక్యూమ్ గొట్టం పీకి చూడండి. అందులో పెట్రోల్ తడి ఉంటే డయాఫ్రమ్ చిరిగింది, రెగ్యులేటర్ మార్చాలి. పొడిగా ఉంటే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ఇంజన్ వెనక వైపు రెండు వైర్లతో ఉండేదే ఈసీయూది. 20 డిగ్రీల దగ్గర 2.2 నుంచి 2.7 కిలో ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 0.29 నుంచి 0.35 కిలో ఓమ్‌లు ఉండాలి. వేడి ఇంజన్‌లో కూడా కిలో ఓమ్‌ల్లోనే ఉంటే, ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీయూ పెట్రోల్ పోస్తోంది.

సెన్సర్ అసలు పరీక్ష

ఇన్‌పుట్ నిరోధం 10 మెగా ఓమ్‌లు ఉన్న డిజిటల్ మల్టీమీటర్ కావాలి. పాత ముల్లు మీటర్లు కరెంటు లాగి రీడింగ్ పాడుచేస్తాయి. ఓమ్ రేంజ్‌లో పెట్టి సిగ్నల్ వైరును ఎప్పుడూ తాకవద్దు. మీటర్ పంపే కరెంటు సెన్సర్‌ను దెబ్బతీయగలదు. పరీక్ష ఆరుబయటే చేయండి, మూసిన గ్యారేజీలో వద్దు.

కనెక్టర్ విప్పకుండా దాని వెనక నుంచి సన్నని సూది దూర్చి ఎర్ర ముల్లు దానికి, నల్ల ముల్లు ఇంజన్ ఎర్త్‌కు పెట్టండి. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక 2500 ఆర్పీఎం దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టి ఉంచి, అదే వేగంలో చూడండి. 10 సెకన్లలో కనీసం 8 సార్లు గీత దాటాలి. చవక మీటర్ అంత వేగంగా చూపలేక సగటు తీసి 0.4, 0.5 అంటుంది. దాన్ని చూసి సెన్సర్ చచ్చిందనుకోకండి. మినిమం, మాక్సిమం నమోదు చేసే మీటర్ గానీ చిన్న ఆసిల్లోస్కోప్ గానీ ఉంటే సందేహం ఉండదు.

ఆ తర్వాత బలవంతంగా కదిపి చూడండి. వ్యాక్యూమ్ గొట్టం ఒకటి పీకితే వోల్టేజీ వెంటనే 0.2 కిందికి పడాలి. గొట్టం పెట్టి, గాలి లోపలికి వెళ్లే చోట కాస్త ప్రొపేన్ వదిలితే 0.8 దాటాలి. రెండు వైపులకూ చటుక్కున వెళ్లిందా, సెన్సర్ బాగుంది, మళ్లీ పై కారణాలు వెతకండి. ఒకటి రెండు సెకన్లు ఆలోచించి కదిలితే ముసలిది. కదలకపోతే చచ్చిపోయింది.

ఈసీయూ దాకా వైరు బాగుందో లేదో కూడా చూడాలి. ఈ కార్లలో ఈసీయూ ప్యాసింజర్ కాళ్ల దగ్గర, కార్పెట్ కింద రేకు వెనక ఉంటుంది. కనెక్టర్లు రెండూ విప్పి ఈ చివర నుంచి ఆ చివరకు కంటిన్యుటీ, బాడీతో షార్ట్ లేకపోవడం చూసుకోండి. నాలుగు వైర్ల సెన్సర్ అయితే ఒకే రంగులో ఉండే రెండు హీటర్ వైర్ల మధ్య నిరోధం కూడా కొలవాలి. 5 నుంచి 15 ఓమ్‌ల మధ్య ఎక్కడున్నా ఫర్వాలేదు, అసలే దారి లేకపోతే హీటర్ తెగింది.

మార్చడం

కావలసినవి: ఈ కారుకే సరిపోయే కనెక్టర్‌తో వచ్చే సెన్సర్, 22 మి.మీ. సెన్సర్ సాకెట్, తుప్పు వదిలించే నూనె, నికెల్ యాంటీసీజ్ (మర బిగుసుకుపోకుండా రాసే పేస్ట్), ఎం18×1.5 మర శుభ్రం చేసే ట్యాప్, టార్క్ రెంచ్. వైరు కోసి అతికించే యూనివర్సల్ సెన్సర్ చవకే, కానీ తప్పనిసరైతేనే తీసుకోండి. అతికిస్తే క్రింప్ చేయండి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి కలపండి), సోల్డర్ వద్దు. చాలా సెన్సర్లకు పోల్చుకునే బయటి గాలి వైరు పోగుల మధ్య సందుల్లోంచే అందుతుంది. అదే కారణంగా కనెక్టర్‌లో గ్రీజు, కాంటాక్ట్ క్లీనర్ వేయకూడదు.

ముందురోజు రాత్రే మర మొదట్లో నూనె వేయండి. హీట్ షీల్డ్ బోల్టులకూ వేయండి, అవి విరగడంలో సెన్సర్ కంటే ముందుంటాయి. మర్నాడు ఇంజన్‌ను కొన్ని నిమిషాలు నడిపి, చేయి కాలనంత వేడికి వచ్చాక షీల్డ్ తీసి సెన్సర్ విప్పండి. బాగా చల్లటి పోత ఇనుములో మర బిగుసుకుంటుంది. బాగా వేడిగా ఉన్నప్పుడు లాగితే మరను చీరుకుంటూ వస్తుంది.

చీలిక ఉన్న సాకెట్ ఒత్తిడికి తెరుచుకుని మూలలు గుండ్రం చేస్తోందంటే అక్కడే ఆగండి. పాతది ఎలాగూ పారేసేదే కాబట్టి వైరు కోసేసి, ఆరు మూలల రింగ్ స్పానర్ దిగేయండి. అది జారదు. పావు చుట్టు వచ్చాక బిగిసిపోతే వెనక్కి తిప్పి, నూనె వేసి, మళ్లీ ముందుకు. బయటికొచ్చాక మేనిఫోల్డ్ మరలో ట్యాప్‌కు గ్రీజు రాసి మెల్లగా నడపండి, రజను గ్రీజుకే అంటుకుంటుంది.

పాత సెన్సర్ ముక్కు చూడకుండా పారేయకండి. పొడి నల్ల మసి అంటే రిచ్ మిశ్రమం. గోధుమ రంగు జిడ్డు అంటే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. మెరిసే తెల్లపొడి అంటే సిలికాన్: ఎవరో వాల్వ్ కవర్‌కో మేనిఫోల్డ్‌కో మామూలు సిలికాన్ సీలెంట్ వాడారు, ఇకపై సెన్సర్‌కు హాని చేయనిదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడాలి. ఆకుపచ్చ ఛాయతో తెల్లటి పేరుకుడు అంటే కూలెంట్ కాలుతోంది, హెడ్ గ్యాస్కెట్ పరీక్షించాలి. వీటిలో ఏది ఉన్నా దాన్ని సరిచేయకుండా కొత్తది వేస్తే దానికీ అదే గతి.

కొత్తదాని మరకు కంపెనీయే పేస్ట్ రాసి ఇస్తే మళ్లీ రాయకండి. లేకపోతే పలుచగా, మరకు మాత్రమే, ముక్కుకు చుక్క కూడా తగలకుండా రాయండి. కొన్ని చుట్లు చేత్తోనే ఎక్కించి, తర్వాత 30 నుంచి 49 న్యూటన్ మీటర్ల మధ్య బిగించండి. వైరు మేనిఫోల్డ్‌కు తగలకుండా పాత క్లిప్పులోనే వెళ్లాలి. క్లిప్పు ఊడిన వైరు కరిగి ఎర్త్‌కు తగిలితే మళ్లీ కోడ్ 15 వస్తుంది.

పాత కోడ్ చెరపడానికి డిక్కీలో ఉన్న బ్యాటరీ నెగటివ్ విప్పి, బ్రేక్ పెడల్ 20 సెకన్లు తొక్కి పట్టి, మళ్లీ కలపండి. ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపి 2500 ఆర్పీఎం పరీక్ష మళ్లీ చేయండి. ఊపు వచ్చాక, టీఈఎన్, జీఎన్‌డీ కలిపి ఉంచి ఐడిల్ 850 (50 అటూ ఇటూ), ఇగ్నిషన్ టైమింగ్ 10 డిగ్రీలు ముందు ఉన్నాయో లేదో చూసుకోండి. పాడైన సెన్సర్‌తో ఇంజన్ స్లో నిలవక ఎవరైనా ఐడిల్ స్క్రూ తిప్పి ఉంటే అది ఇప్పుడు బయటపడుతుంది. చూశాక ఆ వైరు ముక్క తీయడం మరవకండి. అది ఉన్నంతసేపూ టైమింగ్ కదలదు, కారు ఈడుస్తున్నట్టు నడుస్తుంది.