పోటీల కాలానికి ముందు రోబో జట్లు తీసుకోవలసిన జాగ్రత్తలు

చేపల చెరువు గట్టు మీది మోటారు స్టార్టరు పెట్టెను ఎప్పుడైనా తెరిచి చూసినవారికి గోదావరి డెల్టా గాలి రాగిని ఏం చేస్తుందో వేరే చెప్పనవసరం లేదు. టెర్మినళ్ల చుట్టూ పచ్చని చిలుము, తుప్పు తినేసిన స్క్రూ తలలు, పట్టుకుంటే విరిగిపోయే తీగ కనిపిస్తాయి. భీమవరంలోనో, అమలాపురంలోనో, కాకినాడలోనో కళాశాల వర్క్‌షాపు మూలన విద్యార్థులు నెలల తరబడి రోబోను తయారుచేసేది ఆ గాలిలోనే. పోటీ మధ్యలో ఆగిపోయిన రోబోను విప్పి చూస్తే, నేను చూసినంతలో, కారణం చాలాసార్లు నెల కిందటిదై ఉంటుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు, తుపానులు, ఆ వెనుకే ధనుర్మాసపు మంచు ఉంటాయి కనుక తేమ సంగతి ముందుగా చూసుకోవాలి. సోల్డరింగ్ పూర్తయిన ప్రతి బోర్డునూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని బ్రష్‌తో శుభ్రం చేయాలి. సోల్డరు బాగా పట్టడానికి వాడే ఫ్లక్స్ అంటుకుని మిగిలితే, తేమను పీల్చుకుని, బోర్డు మీది పక్కపక్క రాగి గీతల మధ్య కరెంటు పాకడానికి దారి ఇస్తుంది. ఆరిన తర్వాత పారదర్శకమైన రక్షణ పూత వేయవచ్చు గాని, కనెక్టర్ల మీద, సెన్సర్ల ముఖం మీద అది పడకుండా ముందే టేపు అంటించాలి. పని లేని వేళ బోర్డులను మూత బిగుతుగా పట్టే డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ గుళికలతో ఉంచాలి. రంగు మారిన గుళికలను వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు, అయితే నీలిరంగు గుళికల్లో కోబాల్టు లవణం ఉంటుంది కనుక హాస్టల్ వంటపాత్రల జోలికి పోకూడదు. అల్యూమినియం చట్రానికి స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టులు బిగిస్తే, ఉప్పుగాలిలో ముందు తినుకుపోయేది అల్యూమినియమే. మధ్యలో నైలాన్ వాషర్ వేయడం మంచిది. 1996 నవంబరు 6 నాటి తుపానును పెద్దలు ఇప్పటికీ తలుచుకునే ఊళ్లు మనవి. వాతావరణ హెచ్చరిక వచ్చిన పూటే రోబోను నేల మీద నుంచి ఎత్తైన బల్ల మీదికి చేర్చి, ఛార్జర్లన్నీ గోడ ప్లగ్గుల నుంచి తీసివేయాలి. కరెంటు పోవడం కన్నా అది తిరిగి వచ్చే క్షణంలో వోల్టేజీ ఎగసిపడడమే ఎక్కువ ప్రమాదం.

ఇక బ్యాటరీ. లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కో సెల్లుకు లెక్కకు చెప్పే వోల్టేజీ 3.7, పూర్తిగా నిండితే 4.2, 3 వోల్టుల కిందికి జారిన సెల్లు పాడైనట్టే అనుకోవాలి, అందుకే 3.5 దగ్గరే వాడకం ఆపేయడం మేలు. 2200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీని, తయారీదారు ప్రత్యేకంగా చెబితే తప్ప, 2.2 ఆంపియర్లకు మించి ఛార్జి చేయకూడదు, సెల్లులన్నీ సమంగా నిండేలా చూసే బ్యాలెన్స్ తీగ తగిలించకుండా అసలే చేయకూడదు. కొన్ని రోజుల పాటు వాడకపోతే సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర నిల్వ ఉంచాలి. ఈ చివరి మాట మేము ఒక సంక్రాంతికి నిర్లక్ష్యం చేశాము. సెలవుల తర్వాత వెంటనే పోటీ ఉందని బ్యాటరీలన్నీ పూర్తిగా నింపి, అలమరలో పెట్టి ఊళ్లకు వెళ్లిపోయాము. కనుమ దాటాక తిరిగి వచ్చి చూస్తే ఒకటి పూరీలా ఉబ్బి ఉంది. అలా ఉబ్బినదాన్ని నొక్కడం, గుచ్చడం, చివరిసారి అంటూ మరోసారి ఛార్జి చేయడం ప్రాణాంతకం. దాన్ని ఆరుబయట ఇసుక నింపిన బకెట్‌లోకి చేర్చి, ఆ తర్వాత ఎలక్ట్రానిక్ వ్యర్థాలు సేకరించేవారికి అప్పగించాలి. ఛార్జింగ్ ఎప్పుడూ గచ్చు నేల మీద, పుస్తకాలకూ కర్ర బల్లలకూ దూరంగా, ఒక మనిషి కళ్లెదుట జరగాలి. పొగ మొదలైతే ఆ పొగే విషం, కనుక అందరూ ముందు గది బయటికి రావాలి.

వర్క్‌షాపులో గ్రైండర్ పట్టేవారు రక్షణ కళ్లద్దాలు పెట్టుకోవాలని, చున్నీ, జడ, వదులుగా ఉన్న చొక్కా చేతులు కట్టుకోవాలని అందరికీ తెలుసు, రాత్రి రెండు దాటాక అందరూ మరచిపోతారు కూడా. ఆ వేళ కోత పనులు పెట్టుకోకూడదు. కొత్త కోడ్ ఎక్కించిన ప్రతిసారీ చక్రాలు గాలిలో ఉండేలా రోబోను స్టాండు మీద పెట్టి, అత్యవసరంగా ఆపే బటన్ మీద ఒకరు చేయి ఉంచి పరీక్షించాలి. పోటీకి వారం ముందు కోడ్‌లో కొత్త హంగులు చేర్చడం ఆపి, పనిచేస్తున్న ప్రతిని విడిగా భద్రపరచాలి. ఈ నియమం చెప్పినంత సులభంగా ఎవరూ పాటించరు, ముఖ్యంగా కోడ్ బాగా వచ్చినవారు. పరారుణ సెన్సర్లతో గీత వెంట నడిచే రోబో మన గది ట్యూబ్‌లైటు కింద చక్కగా తిరిగినా, ఎండ పడే హాలులోనో వేదిక దీపాల కిందో తడబడవచ్చు కనుక, అక్కడికి వెళ్లాక వెలుతురును బట్టి మళ్లీ సరిచూసుకునే వీలు ముందే కల్పించుకోవాలి. 2002లో టోక్యోలో మొదలైన, ఆసియా-పసిఫిక్ దేశాల విద్యార్థి జట్ల రోబో పోటీ ఏబీయూ రోబోకాన్‌లో ఆట ఏటా మారుతుంది, అందువల్ల సీనియర్ల అనుభవం ఎంత విలువైనదైనా, బరువు, కొలతలు, వోల్టేజీ పరిమితులను ఆ ఏటి నియమావళిలోనే చూసుకోవాలి.

అమలాపురం జట్టు రావులపాలెం మీదుగా రాజమహేంద్రవరం చేరి రైలెక్కేసరికే రోబో ఎన్నో గతుకులు తిని ఉంటుంది. నైలాన్ పట్టు ఉన్న నట్లు వాడి, బిగించిన ప్రతి బోల్టు తల మీదుగా చట్రం దాకా మార్కరుతో ఒక గీత గీస్తే, వదులైనది చూడగానే తెలుస్తుంది. రాజమహేంద్రవరం విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి విమానంలో వెళ్లేవారు విడి బ్యాటరీలను చేతిసంచిలోనే, కొనలకు టేపు చుట్టి తీసుకువెళ్లాలి. 11.1 వోల్టుల, 2200 మిల్లీ ఆంపియర్ అవర్ బ్యాటరీ సుమారు 24 వాట్ అవర్లు, అంటే విమానాల్లో ఉన్న 100 వాట్ అవర్ల పరిమితికి లోపలే ఉంటుంది. ఏసీ బోగీలో చల్లబడిన పెట్టెను దిగగానే ఉక్కపోతలో తెరిస్తే బోర్డుల మీద నీటిచెమ్మ పడుతుంది. మూత తీయకుండా గంటసేపు బయటి గాలికి అలవాటు పడనిచ్చి, ఆ తర్వాతే బ్యాటరీ తగిలించాలి.