మృగశిర రాకముందే కుక్క ఉచ్చ కంపు సంగతి తేల్చేయండి

ఎండాకాలం అంతా మా ఇంట్లో ఏ వాసనా లేదు, మా చింటూగాడు భలే నీటు అని అందరికీ చెప్పుకుని తిరిగాను. పోయిన జులైలో నాలుగు రోజులు ముసురు పట్టి కిటికీలు మూసి ఉంచేసరికి మా అత్తమ్మ చెప్పులు విడుస్తూనే "ఏందమ్మా ఈ కంపు, ఎలుక గిట్ల చచ్చిందా" అన్నది. ఎలుక కాదు, దివాన్ కాట్ వెనక మూల. మార్చిలో ఎప్పుడో వాడు అక్కడ కాలెత్తితే తడిగుడ్డ పెట్టి తుడిచి, అయిపోయిందనుకున్నా.

అయిపోలేదు, ఎండిపోయింది అంతే. ఉచ్చలో నీళ్ళు ఆవిరైపోతాయి గానీ ఉప్పులూ మిగతా సరుకూ టైల్స్ సందుల్లో, పరుపులో, ప్లైవుడ్ అంచుల్లో అలాగే కూర్చుంటాయి, గాల్లో తేమ పెరగ్గానే అవి మళ్ళీ చెమ్మగిల్లుతాయి, బ్యాక్టీరియా పని మొదలుపెడుతుంది, అమ్మోనియా ఘాటు లేస్తుంది. అందుకే ఈ పని రోహిణి కార్తెలోనే చెయ్యాలి, రోళ్ళు పగిలే ఎండ ఉన్నప్పుడు. మృగశిర వచ్చాక పరుపు తడిపితే ఆరదు, ఉచ్చ కంపు పోయి బూజు కంపు వస్తుంది.

ముందు ఎక్కడెక్కడ ఉందో వెతకాలి. ఆన్‌లైన్‌లో చిన్న యూవీ టార్చ్ దొరుకుతుంది, రాత్రి లైట్లన్నీ ఆపి గోడ కింది అంచులు, సోఫా కాళ్ళు, చెప్పుల స్టాండ్, డోర్ కర్టెన్ల చివర్లు చూస్తే ఎండిన ఉచ్చ పసుపు పచ్చగా మెరుస్తుంది. సర్ఫ్ మరకలు కూడా మెరుస్తాయి కాబట్టి చూడగానే భయపడకండి, వంగి వాసన చూస్తే తెలిసిపోతుంది. మా హాల్లో ఒక్క మూల అనుకుంటే ఐదు తేలాయి. దొరికిన చోటల్లా చాక్‌పీస్‌తో గీత పెట్టుకోండి, లైటు వేశాక ఒక్కటీ కనపడదు.

ఇప్పుడు అసలు జాగ్రత్తలు. మనకి కంపు అనగానే చెయ్యి బ్లీచింగ్ పౌడర్ మీదకో బాత్రూమ్ యాసిడ్ మీదకో పోతుంది. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, బ్లీచింగ్ ఉచ్చలో అమ్మోనియాతో కలిసినా ఊపిరాడనివ్వని పొగ వస్తుంది. నేను బాల్కనీ పక్క బాత్రూమ్‌లో తలుపు వేసుకుని పొద్దున పోసిన యాసిడ్ సరిగ్గా కడగకుండానే బ్లీచింగ్ నీళ్ళు కొట్టాను, రెండు నిమిషాల్లో కళ్ళు మండి దగ్గుకుంటూ బయటపడ్డా, ఆ సాయంత్రం దాకా గొంతు గరగరే. ఇలా అయితే కడగడం పక్కన పెట్టి ముందు బయటికి వచ్చేయండి, దగ్గు ఆగకపోతే డాక్టర్ దగ్గరికి పోండి.

ఫినాయిల్ కూడా ఇక్కడ పనికిరాదు. పిల్లి ఉన్న ఇంట్లో అయితే అసలు వద్దు, నల్ల ఫినాయిల్‌లో ఉండే ఫినాల్ రకాలని పిల్లి లివర్ విరగ్గొట్టుకోలేదు, తుడిచిన నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే చాలు, విషం లోపలికి పోతుంది. తెల్ల ఫినాయిల్‌లో పైన్ ఆయిల్, అదీ వాటికి మంచిది కాదు. మూలల్లో కలరా ఉండలు వెయ్యడం కూడా మానేయండి, కుక్క మింగితే ప్రాణం మీదకి వస్తుంది.

పని చేసేది ఎంజైమ్ క్లీనర్, అంటే ఉచ్చలో మిగిలిన సరుకుని విరగ్గొట్టే ఎంజైమ్‌లు ఉన్న ద్రావణం. పెట్ షాపుల్లో స్ప్రే బాటిల్‌లో అమ్ముతారు, కాస్త రేటెక్కువే. కొట్టి వెంటనే తుడిచేస్తే డబ్బులు దండగ, అది తడిగా ఉన్నంతసేపే పని చేస్తుంది. ముందు మామూలు నీళ్ళతో కడిగి, పాత ఫినాయిల్ జాడ లేకుండా చూసి (నేను ఫినాయిల్ మీదే కొట్టి పని చెయ్యట్లేదని తిట్టుకున్నా), తర్వాత బాగా తడిసేలా పోసి పైన ప్లాస్టిక్ కవర్ పరిచి రాత్రంతా వదిలేయండి. పాత మరకకి రెండు మూడు సార్లు పడుతుంది. పరుపుకి అయితే ఉచ్చ ఎంత లోతుకి దిగిందో ఇదీ అంత లోతుకి దిగాలి, తర్వాత మేడ మీద ఎండలో రెండు వైపులా తిప్పి ఆరెయ్యండి, ఫోమ్ పరుపుకి మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండ వద్దు. వేడినీళ్ళు, స్టీమ్ కొడితే మరక గుడ్డలో ఇంకా పట్టేస్తుంది.

తాజాగా పోస్తే రుద్దొద్దు, పాత కాటన్ గుడ్డ వేసి పైన నిలబడి అదమండి, రుద్దితే లోపలికి, పక్కలకి పాకుతుంది.

వెనిగర్ గురించి ఒక మాట. వీడియోల్లో అందరూ వెనిగర్ అంటారు, విట్రిఫైడ్ టైల్స్ మీద పర్లేదు, మార్బుల్, తాండూరు బండలు, బేతంచర్ల నాపరాళ్ళ మీద మాత్రం వద్దు, అవి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే పాలిష్ పోయి తెల్లగా మచ్చ పడుతుంది. నిమ్మకాయ కూడా అంతే. వాటికి ఎంజైమే, కాకపోతే తినే సోడా చల్లి రాత్రంతా ఉంచి ఊడ్చెయ్యండి.

హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడేవాళ్ళు 3 శాతం దాటకుండా చూసుకోండి, మెడికల్ షాపులో 6 శాతం బాటిల్ ఇస్తే సమానంగా నీళ్ళు కలపాలి. రంగు గుడ్డల మీద ముందు కనపడని మూల టెస్ట్ చెయ్యండి. పెరాక్సైడ్‌లో తినే సోడా కలిపి వాడితే, మిగిలింది సీసాలో పోసి బిగించొద్దు, గ్యాస్ పట్టి పగులుతుంది, పారబొయ్యండి. గుమ్మం దగ్గర కొబ్బరిపీచు పట్టా మీద పోసుంటే దాన్ని బాగు చేసే పని పెట్టుకోకండి, కొత్తది కొనుక్కోండి.

చేతికి గ్లౌజులు ఉండాలి. వానాకాలం ఎలుకల ఉచ్చ కలిసిన నీళ్ళ వల్ల కుక్కలకి లెప్టో (లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు) వస్తుంది, వాటి ఉచ్చ నుంచి మనకీ రావచ్చు, కాలికి చేతికి పుండ్లు ఉంటే ఇంకా జాగ్రత్త. ఏటా వేసే వ్యాక్సిన్‌లో లెప్టో ఉందో లేదో వానలకి ముందే డాక్టర్‌ని అడగండి.

ఇక వానలో బయటికి రానని మొండికేసే కుక్క, ఉరుముకి వణికి అక్కడే పోసేసే కుక్క ఉంటాయి, వాటిని కొడితే సోఫా వెనక దాక్కుని పోస్తాయి, మీకు కనపడదు అంతే. బాల్కనీలో ఒక ట్రేలో పాత పేపర్లు వేసి ఇప్పటి నుంచే అలవాటు చెయ్యండి. ఇన్నాళ్ళూ బుద్ధిగా ఉన్నది ఉన్నట్టుండి ఇంట్లో మాటిమాటికీ పోస్తుంటే మాత్రం క్లీనర్ కొనే ముందు యూరిన్ టెస్ట్ చేయించండి. మగ పిల్లి లిట్టర్ బాక్సులో కూర్చుని ముక్కుతూ చుక్క కూడా రాకపోతే తెల్లారేదాకా ఆగొద్దు, ఉచ్చ వచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు, ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి.