కలకత్తా పోతే ట్రామ్ మ్యూజియం ఎట్ల చూడాలె

మన వరంగల్ నుంచి కలకత్తా పొయ్యేటోళ్లు కాళీఘాట్, హౌరా బ్రిడ్జి చూస్కొని వచ్చేస్తరు గని ఎస్ప్లనేడ్ ట్రామ్ డిపోల స్మరణిక అని చిన్న మ్యూజియం ఉంటది, అది ఇడువకుండ్రి. 1938 నాటి ట్రామ్‌నే 2014ల మ్యూజియం చేసిన్రు, ఒక పెట్టెల కెఫే, ఇంకో పెట్టెల పాత టికెట్లు, కండక్టర్ టోపీలు, బ్యాడ్జీలు, ఫొటోలు. పొయ్యేముందు తెరిచుందో లేదో ఫోన్ల చూస్కోండ్రి.

ఒక్కటి యాదికి పెట్టుకోని పోండ్రి, 1873ల మొదటి ట్రామ్‌ను గుర్రాలు గుంజినయ్, కరెంటు ట్రామ్ 1902ల వచ్చింది, గిది తెలిస్తే ఫొటోలు మంచిగ అర్థమైతయ్. టికెట్ల కాడ జర సేపు ఆగుండ్రి, మన ఆర్టీసీ కండక్టర్ చింపిచ్చిన టికెట్లు చూసినోళ్లకైతే అసలు మజా ఆడనే. పిల్లలుంటే కెఫే ఆఖర్న పెట్టుకోండ్రి, లేకపోతే ఆడికెల్లి లేవరు.