పాత పికప్‌లో హెడ్‌లైట్ మసకబారితే ముందు ఎర్త్ చూడండి

రాయగడ, కొరాపుట్ వైపు పాత పికప్‌లు నడిపే మనవాళ్లకు ఒక మాట. హెడ్‌లైట్ మసకగా ఉంటే వెంటనే బల్బు మార్చేయకండి. ఒకవైపే మసకగా ఉండి, ఇండికేటర్ వేసినప్పుడల్లా ఆ లైటు కూడా మినుక్కుమంటుంటే, తప్పు చాలావరకు ఎర్త్ వైరుదే, అంటే బల్బు నుంచి కరెంటును బండి బాడీకి తిరిగి పంపే వైరుది. ఇంజిన్ స్టార్ట్ చేసి లైట్లు వేయండి, మల్టీమీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల వైరు బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర వైరు బల్బు వెనక కనెక్టర్‌లో ఎర్త్ పిన్నుకి ఆనించండి. 0.2 వోల్టుల లోపు వస్తే ఎర్త్ బాగున్నట్టే. అర వోల్టు దాటిందా, ఆ వైరు బాడీకి బిగించిన చోటే చూడాలి. నా బండిలో బోల్టు కింద పచ్చగా చిలుము పట్టి, పైకి మాత్రం గట్టిగా బిగించినట్టే కనిపించింది. ఎమరీ పేపర్‌తో లోహం మెరిసేదాకా రుద్ది, బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. రెండు లైట్లూ మసకైతే మాత్రం ముందు బ్యాటరీ దగ్గర కొలవండి, ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. ఫ్యూజ్ పదేపదే పోతోందని పెద్ద ఫ్యూజ్ వేయకండి, వైరింగే కాలిపోతుంది. సుంకి ఘాట్ ఎక్కే ముందు, పగలే ఈ పని చూసుకోండి.