ల్యాప్‌టాప్ వేడెక్కుతోందా? పేస్ట్ కంటే ముందు ఫ్యాను, పైపు చూడండి

ల్యాప్‌టాప్ వేడెక్కుతోంది అనగానే అందరూ చెప్పేది ఒకటే, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి పైనున్న లోహానికి అందేలా మధ్యలో రాసే ముద్ద) మార్చెయ్ అని. మార్చండి, తప్పులేదు, కానీ ఫ్యానో, హీట్ పైపో (ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ దగ్గరికి మోసే రాగి గొట్టం) పోయి ఉంటే ఎంత ఖరీదైన పేస్ట్ రాసినా లాభం ఉండదు. మా చెల్లి ల్యాప్‌టాప్‌కి ఒక షాపులో రెండుసార్లు పేస్ట్ మార్చి డబ్బులు తీసుకున్నారు, చివరికి నేనే విప్పి చూస్తే రాగి పైపు ఒకచోట సొట్టపడి ఉంది, గోరు దిగేంత!

ముందు హెచ్‌డబ్ల్యూఇన్ఫో (HWiNFO) అనే సాఫ్ట్‌వేర్ వేసి ప్రాసెసర్ టెంపరేచర్ చూడండి. బరువైన పని చేస్తున్నప్పుడు 90 డిగ్రీల దాకా పోవడం చాలా ల్యాప్‌టాప్‌లకి మామూలే, కానీ ఏ పనీ లేకుండానే 80 ఉండి, బ్రౌజర్ తెరవగానే 95-100కి పోయి మెషిన్ నత్తలా నడుస్తుంటే లోపల ఏదో పోయినట్టే. గాలి వచ్చే చోట చెయ్యి పెట్టండి, గాలే రాకపోతే, గరగర సౌండ్ వస్తుంటే తేడా ఫ్యాన్‌లోనే అనుకోవచ్చు.

విప్పాక మొదట బ్యాటరీ కనెక్టర్ పీకెయ్యండి, ఆ తర్వాతే మిగతావి. ఫ్యాన్‌కీ, గాలి బయటికెళ్లే చోట ఉండే పల్చటి లోహపు రేకులకీ మధ్య దుమ్ము దూది పరుపులా పేరుకుని ఉంటుంది, బయటనుంచి ఊదితే పోదు, ఫ్యాన్ తీసి చేత్తో లాగెయ్యాలి. గాలి కొట్టేటప్పుడు రెక్కల్ని వేలితో పట్టుకోండి.

ఇప్పుడు పైపు. అది గట్టి రాగి కడ్డీ కాదండీ, లోపల బోలు, గాలి తీసేసి కొంచెం నీళ్లు ఉంచి సీల్ చేస్తారు, ఆ నీళ్లు ప్రాసెసర్ దగ్గర ఆవిరై రేకుల దగ్గర చల్లబడి మళ్ళీ వెనక్కొస్తాయి. చిన్న పగులు వచ్చినా పని అయిపోయినట్టే, టంకం వేసినా బాగుపడదు. టెస్ట్ చాలా సింపుల్, హీట్‌సింక్ (పైపు, రేకులు కలిసి ఉన్న భాగం) విడిగా తీసి ప్రాసెసర్ వైపు కొనని వేడినీళ్లలో ముంచి రేకుల వైపు పట్టుకోండి, బాగుంటే కొన్ని సెకన్లలోనే చేతికి వేడి తగులుతుంది, ఎంతసేపటికీ చల్లగానే ఉంటే పైపు పోయింది. బిగించే ముందు పూర్తిగా ఆరనివ్వండి.

కొత్తది కొనాలంటే స్టిక్కర్ మీద పార్ట్ నంబర్ ఫోటో తీసుకోండి, హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ సీటీసీలో (చెనాయ్ ట్రేడ్ సెంటర్, కంప్యూటర్ షాపులుండే చోటు) అడగొచ్చు. పాత పేస్ట్ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పల్చగా రాయండి, థర్మల్ ప్యాడ్లు (చిప్‌ల మీద వేసే మెత్తటి బిళ్లలు) ఉన్న చోట అదే మందం ప్యాడే వెయ్యాలి, పేస్ట్ కాదు. స్క్రూల పక్కన 1, 2, 3, 4 అని ఉంటాయి, ఆ వరసలోనే కొంచెం కొంచెంగా బిగించండి.

పార్ట్ వచ్చేదాకా వాడక తప్పదంటే విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 శాతం పెట్టుకోండి, టర్బో (ప్రాసెసర్ మామూలుకంటే ఎక్కువ స్పీడులో నడవడం) ఆగి వేడి తగ్గుతుంది. ఫ్యాన్ అసలు తిరగకపోతే మాత్రం ఆన్ చెయ్యొద్దు.